ముందు బూడిద చూపించండి

రంపపు పొట్టుని నొక్కి చేసిన గుళికల్ని, అంటే పెల్లెట్లని, కాల్చి మాంసం వండే పొయ్యి పెల్లెట్ గ్రిల్. నేను చూసిన పెల్లెట్ గ్రిల్ వీడియోలన్నిటిలోకీ బాగా గుర్తుండిపోయింది ఒక ఆరు నిమిషాల వీడియో. అందులో వంట లేదు. గ్యారేజీలో ట్యూబ్‌లైటు కింద ఒకాయన ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో తన గ్రిల్ విప్పుతున్నాడు. మాంసం పెట్టే ఇనుప జాలీలు, అంటే గ్రేట్లు, తీసి గోడకు ఆనించాడు. జిడ్డు జారే రేకు తీశాడు. దాని కింద, మంట నేరుగా మాంసానికి తగలకుండా అడ్డం ఉండే మందపాటి రేకు కూడా తీశాడు. అడుగున ఫైర్‌పాట్ కనిపించింది. కాఫీ మగ్గు కంటే కాస్త పెద్ద ఇనుప గిన్నె అది. పెల్లెట్లు కాలేది అందులోనే. దాన్ని ఊడదీసి, బూడిద దులిపి, లైటు వైపు ఎత్తి పట్టుకుని, గ్లవ్ తొడిగిన చూపుడు వేలు లోపల పెట్టాడు. వేలి కొస గిన్నె గోడలోంచి బయటికొచ్చింది. గ్రిల్ కొని మూడేళ్లయిందని, దాదాపు ప్రతి వారం వాడతానని చెప్పాడు. కొత్త గిన్నె మార్చడానికి ఏ సైజు స్క్రూలు కావాలో చెప్పి వీడియో ఆపేశాడు.

దాన్ని చూసినవాళ్లు కొన్ని వందల మంది. అదే మోడల్‌ని అట్టపెట్టెలోంచి తీస్తూ, బిగిస్తూ, మొదటి బ్రిస్కెట్ (ఆవు రొమ్ము మాంసం) కోస్తూ తీసిన వీడియోలను చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ లక్షల్లో నేనూ ఉన్నాను. కొనకముందు పదకొండు వీడియోలు చూశాను. కాగితం మీద రాసుకుని మరీ చూశాను.

నా వాదన ఏమిటంటే, రుచి కెమెరాకి అందదు. బూడిద అందుతుంది, తుప్పు అందుతుంది, మూత సందులోంచి కారే పొగ, పెల్లెట్ల తూకం, గడియారంలో నిమిషాలు, ఇవన్నీ అందుతాయి. పెరట్లో గ్రిల్ పెట్టుకుని వీడియోలు తీసే మామూలు మనుషులు మనకి రుచి గురించి బోలెడంత చెబుతున్నారు. కెమెరా పట్టుకోగలిగినవి మాత్రం చూపించకుండా వదిలేస్తున్నారు. వాళ్లంటే నాకు గౌరవం. నిప్పు దగ్గర నిలబడటం నాకు నేర్పింది వాళ్లే. అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను.

గ్రిల్ కొన్న నాలుగో నెలలో ఒక శనివారం రాత్రి పది గంటలకి పది పౌన్ల పోర్క్ బట్, అంటే పంది భుజం మాంసం, పెట్టాను. 225 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద ఉంచి, పెల్లెట్లు పోసే తొట్టి, అంటే హాపర్, నిండా నింపి పడుకున్నాను. పెల్లెట్ గ్రిల్ కొనేది అందుకే కదా, నిప్పుకి కాపలా అక్కర్లేదని. తెల్లారి ఐదింటికి లేచి చూస్తే గ్రిల్ చల్లగా ఉంది. మూత తెరిస్తే సెగ లేదు. మాంసంలో గుచ్చిన, వేడి కొలిచే ప్రోబ్ 96 చూపిస్తోంది. ఫోనులో గ్రాఫ్ తీసి చూశాను. పన్నెండు నలభై నుంచి గీత కిందకి జారుతూనే ఉంది. 40కీ 140కీ మధ్య వేడిలో మాంసం రెండు గంటలకు మించి ఉండకూడదు. అది నాలుగు గంటలు దాటింది. మొత్తం తీసుకెళ్లి చెత్తలో వేశాను. మధ్యాహ్నం భోజనానికి రమ్మని పిలిచినవాళ్లకి ఉదయం ఏడింటికి ఫోన్లు చేసి చెప్పాల్సి వచ్చింది.

పెల్లెట్లు అయిపోయాయేమో అనుకున్నాను. హాపర్ మూత ఎత్తితే సగానికి పైగా ఉన్నాయి. కాకపోతే నడిమధ్యలో బావిలాగా ఒక గుంట. ఆ గుంట అడుగున, పెల్లెట్లను మంటలోకి తోసే ఆగర్ మరచుట్లు ఉత్తగా మెరుస్తున్నాయి. చుట్టూ ఉన్న పెల్లెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని గోడలా నిలబడిపోయాయి. మధ్యలోవి మాత్రమే కిందకి దిగి కాలిపోయాయి. హాపర్ గోడల వాలు చాలనప్పుడు, పెల్లెట్లు మరీ పొడుగ్గా ఉన్నప్పుడు, పొడి ఎక్కువున్నప్పుడు ఇలా అవుతుంది. చేత్తో ఒకసారి కలిపి ఉంటే ఆ రాత్రి ఏమీ అయ్యేది కాదు. ఆ మోడల్‌కి ఈ సంగతి కొత్త కాదు. తర్వాత వెతికితే ఒకావిడ తీసిన నాలుగు నిమిషాల వీడియో దొరికింది. రాత్రి పడుకునే ముందు కర్రగరిటెతో హాపర్ ఎలా కలపాలో అందులో చూపిస్తోంది. నేను ముందు చూసిన పదకొండిట్లో ఒక్కరు కూడా హాపర్‌లోకి కెమెరా పెట్టలేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు రాత్రంతా వండి చూడలేదు, అంతే.

ఈ యంత్రం పని తీరు తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది, అందుకని దాని గురించి నాలుగు మాటలు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో జో ట్రేగర్ అనే ఆయన 1985లో దీన్ని తయారుచేశాడు. మరుసటి ఏడాది పేటెంట్ వచ్చింది. ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి రంపపు పొట్టుని గుళికలుగా నొక్కి కాల్చే పొయ్యిలు ఆ ప్రాంతంలో అప్పటికే ఉన్నాయి. ఆ పద్ధతినే వంటకి మళ్లించాడు. హాపర్‌లోంచి ఆగర్ అనే మర పెల్లెట్లను ఫైర్‌పాట్‌లోకి తోస్తుంది. హాట్ రాడ్ అనే వేడి కడ్డీ వాటిని అంటిస్తుంది. ఫ్యాన్ ఊదుతుంది. ఎంత తొయ్యాలో, ఎంత ఊదాలో కంట్రోలర్ చూసుకుంటుంది. పాత కంట్రోలర్లలో కొన్నిటికి లెక్క మరీ సాదాసీదా. ఆగర్ పదిహేను సెకన్లు తిరుగుతుంది, అరవై ఐదు సెకన్లు ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఇప్పటివి వేడిని కొలుస్తూ లెక్క మార్చుకుంటాయి. 2006లో ఆ పేటెంట్ గడువు తీరాక ఎన్నో కంపెనీలు ఈ వ్యాపారంలోకి దిగాయి. కొన్ని వందల డాలర్ల నుంచి రెండు వేలకు పైబడ్డ ధర దాకా రకరకాల మోడళ్లు వచ్చాయి. ఏది కొనాలో తెలియని జనం పెరిగారు. వీడియోలు పుట్టింది అక్కడే.

ఇక రుచి సంగతి. ప్రతి వీడియోలోనూ చివరికి ఒక సన్నివేశం వస్తుంది. బ్రిస్కెట్ ముక్క కోసి, రెండు వేళ్లతో పిండుతారు. రసం కారుతుంది. కళ్లు మూసుకుని కొరుకుతారు. నాకూ నోరూరుతుంది. కానీ ఆ రసంలో గ్రిల్ వాటా ఎంత? మాంసం మేలురకం ప్రైమ్ గ్రేడా, దాని కింది చాయిసా అన్నదాని వాటా ఉంది. కొవ్వు ఎంత మేర చెక్కారన్నది ఉంది. లోపలి వేడి 203 దగ్గర తీశారా, చెయ్యి పెట్టి మెత్తదనం చూసి తీశారా అన్నది ఉంది. తీశాక ఎన్ని గంటలు చుట్టిపెట్టి ఉంచారన్నది అన్నిటికంటే పెద్దది. పదిహేనేళ్లుగా వండుతున్న మనిషి చేతిలో ఏ గ్రిల్ అయినా రసం కారుస్తుంది. ఆయన చేతి నేర్పు మనకి పెట్టెలో పెట్టి పంపరు కదా.

కోసిన ముక్క అంచున కనిపించే గులాబీ రంగు కూడా అంతే. దాన్ని చూపించి పొగ బాగా పట్టిందంటారు. అది పొగ రుచి కాదు. మంటలోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగుని నిలబెడతాయి. మాంసం నిలవచేసే క్యూరింగ్ ఉప్పు రాసి, పొగే లేకుండా ఓవెన్‌లో వండినా ఆ గీత వస్తుంది.

పొగ విషయంలో కెమెరా ఇంకా అన్యాయం చేస్తుంది. వీడియో మొదట్లో కనిపించే బొమ్మ గుర్తుచేసుకోండి. చిమ్నీలోంచి తెల్లటి పొగ మేఘంలా లేస్తుంటుంది. చూడ్డానికి బాగుంటుంది. అది చాలాసార్లు గ్రిల్ అంటించిన మొదటి పది నిమిషాల పొగ. సగం సగం కాలుతున్న కట్టెది. ఆ పొగ ఎక్కువసేపు పడితే మాంసం చేదెక్కుతుంది. మంచి పొగ పల్చగా, కాస్త నీలంగా, చెట్ల మీద చూస్తే తప్ప కనిపించనట్టు ఉంటుంది. పెల్లెట్ గ్రిల్ సరిగ్గా మండుతున్నప్పుడు వచ్చే ఆ పొగ కెమెరాకి దొరకదు. తక్కువ వేడి మీద పొగ ఎక్కువ, వేడి పెంచేకొద్దీ పొగ తగ్గుతుంది. ఇది కొనేవాళ్లకి తెలియాల్సిన అసలు విషయం. మేఘంలాంటి పొగ చూసి కొన్నవాళ్లు, తమ గ్రిల్‌లో పొగే రావట్లేదని బెంగపెట్టుకుంటారు.

పొరపాట్లు గ్రిల్‌ని పొగిడేవైపే జరగవు. ఒక కుర్రాడు తన గ్రిల్‌లో బలం లేదని, ఆరు గంటలు గడిచాక మాంసం 160 దగ్గర ఆగిపోయిందని తిట్టిపోశాడు. పెద్ద మాంసం ముక్క ఏదైనా 150కీ 170కీ మధ్య గంటల తరబడి ఆగుతుంది. పైకి వచ్చిన తేమ ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంటుంది. మన ఒంటికి చెమట పట్టినట్టే. ఏ గ్రిల్‌లో అయినా అంతే. మంచి యంత్రానికి చెడ్డపేరు అలా వచ్చింది, దాన్ని చూసి వెనక్కి తగ్గినవాళ్లూ ఉండే ఉంటారు.

ఎందుకిలా మొదటి వారం వీడియోలే వస్తున్నాయంటే, డబ్బు ఉండేది మొదటి వారంలోనే. వీడియో కింద లింకు ఉంటుంది. మనం దాన్ని నొక్కి కొంటే తీసినవాళ్లకి కొంత కమీషన్ ముడుతుంది. అమెజాన్ లింకు అయితే నొక్కాక ఇరవై నాలుగు గంటల్లో బుట్టలో వేసుకున్నదాని మీదే వస్తుంది. జనం వెతికేది కొత్త మోడల్ బయటికొచ్చిన నెలలో. మూడో ఏడు ఫైర్‌పాట్‌కి చిల్లు పడిందని వీడియో తీస్తే, అప్పటికి ఆ మోడలే దుకాణాల్లో ఉండదు. లింకు పెట్టడానికి వస్తువు లేదు. కొత్త వింత పాత రోత అని మనం ఊరికే అనలేదు. ఇక్కడ కొత్తకి కూలి కూడా దొరుకుతోంది.

ఇంకోటి ఉంది. లంచం అన్న మాట నేను వాడను, ఎందుకంటే ఇక్కడ నేను చూస్తున్నది మొహమాటం. కొద్దిగా పేరొచ్చిన ఛానల్‌కి కంపెనీ ఒక గ్రిల్ పంపుతుంది. డబ్బు ఇవ్వదు, ఇలా చెప్పు అలా చెప్పు అని కూడా అనదు. ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడతారు, బాగుందా అని అడుగుతారు. రెండు వందల పౌన్ల బరువైన, వెయ్యి డాలర్ల పైచిలుకు వస్తువు ఇంటి ముందు దిగుతుంది. ఉప్పు తిన్న విశ్వాసం మనకి కొత్తగా నేర్పాలా? ఆ మనిషి అబద్ధం ఆడడు. మూత సందులోంచి పొగ కారుతుంటే కెమెరా ఆ వైపు తిప్పడు, అంతే. కాలు సరిగ్గా ఆనకపోతే, చిన్న విషయంలే అని కింద రేకు ముక్క పెట్టి మాట మార్చేస్తాడు. ఉచితంగా వచ్చిందని నిజాయితీగానే చెబుతాడు కూడా. చెప్పడంతో మొహమాటం పోదు.

చెప్పడం మాత్రం తప్పనిసరి. అమెరికాలో వ్యాపారాల మీద నిఘా ఉంచే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలున్నాయి. 2023లో వాటిని సవరించారు. డబ్బు తీసుకున్నా, ఉచితంగా వస్తువు తీసుకున్నా చూసేవాళ్ల కంటపడేలా చెప్పాలి. వీడియోలో పొగిడితే వీడియోలోనే చెప్పాలి. కింద వివరాల్లో, ఇంకా చూపించు అన్న బటన్ నొక్కితే తప్ప కనపడని చోట రాసి ఊరుకుంటే సరిపోదు. 2024లో నకిలీ సమీక్షల మీద విడిగా ఒక నియమం తెచ్చారు, అక్టోబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇవన్నీ కావాల్సినవే. కానీ ఏ నియమమూ కెమెరాని హాపర్‌లోకి తిప్పలేదు. అది తీసేవాళ్ల చేతుల్లోనే ఉంది.

ఏం చూపించాలో అడిగితే నా దగ్గర సమాధానం ఉంది, ఎందుకంటే అడపాదడపా కొందరు చూపిస్తూనే ఉన్నారు. రొట్టె ముక్కల పరీక్ష అన్నిటికంటే నాకిష్టం. గ్రిల్‌ని 350కి వేడి చేసి, గ్రేటు నిండా తెల్ల బ్రెడ్ ముక్కలు పక్కపక్కన పేర్చి, మూతవేసి, పది నిమిషాలయ్యాక తిరగేస్తారు. అడ్డురేకు అంచుల చుట్టూ సెగ ఎక్కువ కాబట్టి కొన్ని ముక్కలు నల్లబడతాయి. మధ్యలోవి లేత గోధుమరంగులో ఉంటాయి. ఒక మూలవి తెల్లగానే ఉండిపోతాయి. ఖర్చు ఒక్క బ్రెడ్ ప్యాకెట్. ఎవరి నాలుకనీ నమ్మక్కర్లేదు. నేను ఒక వీడియో ఆపి ఆ గ్రేటుని చాలాసేపు చూశాను. ఆ గ్రిల్‌లో చికెన్ ఎక్కడ పెట్టాలో, రిబ్స్ ఎటు తిప్పాలో ఆ ఒక్క చూపుతో తెలిసిపోయింది.

వేడి నిలకడ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది కంట్రోలర్ తెర చూపిస్తారు. 225 అని పెట్టాం, 225 అని చూపిస్తోంది, బ్రహ్మాండం అంటారు. ఆ అంకె సాధారణంగా లోపలి గోడ దగ్గరున్న ఒక్క ప్రోబ్ చెప్పేది. మాంసం ఉన్న చోట పాతిక డిగ్రీలు అటో ఇటో ఉండొచ్చు. పైగా కొన్ని కంట్రోలర్లు ఎగుడుదిగుళ్లని సర్ది, నున్నగా చేసి చూపిస్తాయి. గ్రేటు మీద నాలుగు మూలలా వేరే థర్మామీటర్లు క్లిప్పులతో పెట్టి చూపించాలి. ఆ థర్మామీటర్లని ముందు ఐసు నీళ్లలో ముంచి 32 వస్తోందో లేదో చూపించాలి. మరిగే నీళ్లలో అయితే 212 రావాలి, కానీ ఎత్తైన ఊళ్లో అది తగ్గుతుంది. డెన్వర్‌లో నీళ్లు 202 దగ్గరే మరుగుతాయి. ఇది తెలియక మంచి థర్మామీటర్ పారేసినవాళ్లు నాకు తెలుసు.

పెల్లెట్లు తూచడం ఇంకా తేలిక. మొదలుపెట్టే ముందు ఎన్ని పౌన్లు పోశారు, అయిపోయాక ఎన్ని మిగిలాయి. చలికాలంలో, గాలి వీస్తున్నప్పుడు అదే వంటకి ఎంత ఎక్కువైంది. దాదాపు వీడియోలన్నీ ఎండాకాలంలో, పచ్చగడ్డి మీద తీసినవే. జనవరిలో తీసింది ఒక్కటి చూస్తే ఆ పరికరం రేకు మందం మీకు అర్థమైపోతుంది.

ఇక వాన. పెల్లెట్‌లో సాధారణంగా జిగురు ఏమీ కలపరు. నొక్కేటప్పుడు పుట్టే వేడికి కట్టెలోనే ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి, చల్లారాక పట్టుకుంటుంది. నీళ్లు తగిలితే ఆ పట్టు వదిలేసి, ఉబ్బి, మళ్లీ రంపపు పొట్టు అయిపోతుంది. ఆగర్ గొట్టంలో అలా ఉబ్బినది ఎండితే సిమెంటులా బిగుసుకుంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. హాపర్ మూత అంచున రబ్బరు ఉందా, వాననీళ్లు ఏ వైపు జారతాయి అని ఒక మగ్గు నీళ్లు పోసి చూపించిన వీడియో ఒక్కటంటే ఒక్కటి చూశాను. గ్రిల్ ఆపి ఉన్నప్పుడే పోశాడు. పోసి, మూత ఎత్తి, లోపల కాగితం రుమాలు అద్ది, తడి అంటిందో లేదో కెమెరాకి చూపించాడు. ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

ఇవన్నీ పరీక్షశాలలు చేయాల్సిన పనులు కదా, పెరట్లో వీడియోలు తీసేవాళ్లని ఎందుకు వేధిస్తావు అని నా స్నేహితుడు అడిగాడు. పరీక్షశాలలు కావాలి. 1936లో మొదలైన కన్స్యూమర్ రిపోర్ట్స్ లాంటి సంస్థ తను పరీక్షించే వస్తువుల్ని దుకాణంలో డబ్బు పెట్టి కొంటుంది. ఆ పద్ధతికి దండం పెట్టాలి. కానీ పరీక్షశాలకి పక్కింటి కంచె మీద నుంచి వచ్చే గాలి తెలియదు. రెండు చలికాలాలు గుడ్డ కప్పి బయట ఉంచిన ఇనుము తెలియదు. మరిచిపోయి వారంపాటు వదిలేసిన జిడ్డు బకెట్ తెలియదు. వాడుకలో జరిగేవన్నీ వాడేవాళ్ల దగ్గరే ఉంటాయి. కంపెనీ డబ్బు పెట్టి నటులతో తీయించలేని వీడియో అదొక్కటే. మామూలు మనుషుల దగ్గర ఉన్న ఆస్తి అది. అందంగా కోసిన మాంసం చూపించడానికి కంపెనీల దగ్గర ఇంతకంటే మంచి కెమెరాలున్నాయి.

నా గ్రిల్‌కి ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. ఏడాదిన్నర నిండిన రోజున ఫోను స్టాండుకి బిగించి, ఏమీ కడగకుండా, ఉన్నది ఉన్నట్టు విప్పి చూపించాను. హాపర్‌లో పెల్లెట్లు పోసి, పక్కన గడియారం పెట్టి, గుంట పడేదాకా రికార్డు చేశాను. రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది. మర్నాడు హాపర్ లోపల రెండు వైపులా నున్నటి రేకు వంచి అతికించి మళ్లీ తీశాను. ఈసారి పెల్లెట్లు అడుగుదాకా సాఫీగా దిగాయి. ఫైర్‌పాట్ ఇంకా గట్టిగానే ఉంది. ఆగర్ వైపు అంచు మాత్రం గోరు మందం తగ్గింది, స్కేలు పెట్టి చూపించాను. వచ్చే ఏడు ఇదే నెలలో మళ్లీ విప్పుతాను.